వెనీసు గచ్చు నేర్చుకుందాం – 3వ పాఠం: రాళ్లు చల్లడం

పోయిన పాఠంలో సాధన పలక కోసం పోసిన అడుగు పొరను వారం రోజులు నీడలో ఉంచారు కదా, ఇప్పుడు దాని మీద గోటితో గీయండి. ఎర్రటి పొర మీద సన్నని గీత మాత్రమే పడితే పై పొరకు సిద్ధమైనట్టే. గోరు దిగబడితే ఇంకో నాలుగు రోజులు ఆగండి. మెత్తగా ఉన్న అడుగు మీద రోలరు తిప్పితే ఒక పక్క కుంగిపోతుంది, తర్వాత సరిచేయడం కుదరదు.

ఈరోజు పనిని ఇటలీలోని వెనీసు నగరపు పనివాళ్లు ‘సెమినా’ అంటారు. విత్తడం అని అర్థం. దమ్ము చేసిన మడిలో వడ్లు చల్లినట్టే, తడి సున్నం మీద పాలరాతి ముక్కలు చల్లుతారు. ‘తెర్రాత్సో’ అనే ఆ నేలకు రూపం వచ్చేది ఇక్కడే. మనవాళ్లు మొజాయిక్ గచ్చు అని పిలిచేది దీని బంధువే. అయితే మన ఇళ్లలో దాన్ని సిమెంటుతో పోసి, పగుళ్లు పాకకుండా అద్దపు పట్టీలతో గళ్లుగా విడదీశారు. వెనీసు మేడల్లో గది మొత్తం ఒకే గచ్చు, ఆ మూల నుంచి ఈ మూల వరకు ఒక్క పట్టీ కూడా కనబడదు.

అదెలా సాధ్యం? ఆ ఊరి ఇల్లు ఎలా నిలబడిందో ఒకసారి ఊహించండి. ఉప్పునీటి బురదలో దిగగొట్టిన కొయ్య గుంజల మీద గోడలు, గోడల మధ్య దూలాలు. ఒక దూలం ఎంత వెడల్పో రెండు దూలాల మధ్య సందు కూడా అంతే ఉండేలా పేర్చే పద్ధతికి అక్కడ వాస్తుశిల్పి సాన్సొవీనో పేరే పెట్టుకున్నారు. దూలాల మీద పలకలు, పలకల మీద గచ్చు. బురద కాస్త కుంగితే గోడ కదులుతుంది, గోడ కదిలితే దూలం ఒంగుతుంది. సున్నపు గచ్చు కొంతవరకు వాటితో పాటే ఒదుగుతుంది. సన్నని చీలికలు వచ్చినా సున్నం, నూనె పట్టించి పూడ్చేస్తారు. సిమెంటు అలా ఒదగదు, పుటుక్కున పగులుతుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను: మీ మిశ్రమంలో ఒక్క చెంచా సిమెంటు కూడా కలపకండి. గట్టితనం కోసం ఆశపడితే ఈ గచ్చులో ఉన్న తెలివినే పోగొట్టుకుంటాం.

ఇక పని మొదలుపెడదాం. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. ముందు అడుగు పొరను నీళ్లతో బాగా తడపండి. నా మొదటి సాధన పలకకు ఈ ఒక్క పనీ చేయలేదు. పొడి అడుగు పై పొరలోని నీటినంతా పీల్చేసుకుంది. నెల తర్వాత పై పొర అప్పడంలా ఊడి చేతికి వచ్చింది. తడిపాక నీళ్లు మడుగు కట్టకుండా, పైన మెరుపు మాత్రం ఉండాలి.

ఒక పాలు ముద్ద సున్నానికి మూడు పాళ్లు జల్లించిన ఇటుక పొడి. పాత ఇంటి పెంకులు దొరికితే ఇంకా మేలు. మరీ నల్లగా కాలిన ఇటుక వద్దు, సున్నంతో సరిగా కలిసి గట్టిపడదు. చపాతీ పిండికంటే కొంచెం వదులుగా వచ్చేదాకా కలిపి, అడుగు మీద 2 సెంటీమీటర్ల మందాన తాపీతో పరచండి.

రాళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వెనీసు వాళ్లకు ఇస్ట్రియా తెల్లరాయి, వెరోనా ఎర్రరాయి, గార్దా సరస్సు ఒడ్డున తోర్రి పసుపురాయి అందుబాటులో ఉండేవి. మన సాధనకు తాండూరు, బేతంచెర్ల బండల ముక్కలు చక్కగా సరిపోతాయి. అవి కూడా సున్నపురాళ్లే. గ్రానైటు మాత్రం కలపకండి. పాలరాయి అరిగినంత తేలికగా అది అరగదు, చివరికి పాదానికి గుచ్చుకునే బొడిపెలుగా మిగులుతుంది. ముక్కల్ని కడిగి దుమ్ము వదిలించండి, దుమ్ముంటే సున్నం పట్టుకోదు.

చల్లే ముందు అవే ముక్కలను మీ పలక కొలతే ఉన్న కాగితం మీద చల్లి, లేచి నిలబడి చూడండి. నేలను ఎప్పుడైనా నిలబడిన కన్నే చూస్తుంది. వంగి చూసినప్పుడు నిండుగా అనిపించింది, నిలబడితే మచ్చలుగా కనబడవచ్చు. నచ్చేదాకా మళ్లీ చల్లండి. ఈ అరగంటలో కన్ను నేర్చుకునేది నేను మాటల్లో చెప్పలేను.

తడి పొర మీద ముందు సెంటీమీటరు సైజు పెద్ద ముక్కలు వేయండి. మణికట్టును వదులుగా ఉంచి, మోకాలి ఎత్తు నుంచి విసరండి. ఒక్కొక్కటీ ఏరి పేర్చితే వరసలు కట్టి గీతల్లా కనబడతాయి. తర్వాత మధ్యరకం, చివర బియ్యపు గింజంత నూక. నూక పడేది పెద్ద ముక్కల మధ్య సందుల్లో. రంగు రాయి ఏదైనా చిటికెడే, చివర్లోనే.

వెంటనే రోలరు తిప్పండి. నీళ్లు నింపి మూత బిగించిన ఇనుప గొట్టం ముక్క చాలు. నిలువుగా, అడ్డంగా, మూలల నుంచి తిప్పుతూ ఉంటే కాసేపటికి తెల్లని సున్నపు పాలు పైకి ఊరతాయి. రాళ్లన్నీ వాటి కింద మాయమవుతాయి. ఇక్కడ చాలామంది కంగారుపడి మళ్లీ రాళ్లు చల్లుతారు. వద్దు. అరగదీసినప్పుడు అవన్నీ బయటపడతాయి.

మరునాడు, ఆ మర్నాడు తాపీ వీపుతో తట్టి అదమండి. వెనీసులో దీనికి పొడవాటి ఇనుప పట్టీ వాడేవారు. బొటనవేలు గట్టిగా నొక్కినా గుర్తు పడకపోతే ఆపవచ్చు. ఆపైన తడి గోనె కప్పి, ఎండ తగలని చోట ఉంచండి. ఇటుక పొడి, సున్నం కలిసి గట్టిపడటానికి తేమ కావాలి, గోనె ఆరకుండా రోజూ చూసుకోండి.

4వ పాఠానికి కనీసం నెల గడవాలి. అప్పుడు ‘గలేరా’ గురించి తెలుసుకుందాం. పొడవాటి కర్రకు ఇసుకరాయి బిగించి, నీళ్లు పోస్తూ ముందుకూ వెనక్కూ తోసే పనిముట్టు అది. కాలువ వైపు కిటికీ నుంచి ఇంటి వెనక వరకు సాగే ‘పోర్తెగో’ హాలు నేలకు ఆ మెరుపు వచ్చింది దానితోనే, పైన పట్టించిన అవిసె నూనెతోనే. ఈలోగా అర లీటరు అవిసె నూనె, ముతక నుంచి సన్నం వరకు నాలుగు రకాల సానరాళ్లు సమకూర్చుకోండి.