ఏం చేసినా పోని పక్షులు: బెజవాడ, గుంటూరు ఇళ్లకు సమస్యలు - పరిష్కారాలు

పక్షుల మీద ఫిర్యాదు దాదాపు ప్రతి ఇంట్లో ఒకే మాటతో మొదలవుతుంది: "ఏం చేసినా పోవడం లేదండీ." అవి పోకపోవడానికి కారణం ఉంది. మన వీధుల్లో బతికే కాకి, పావురం, గోరింక, చిలక మనల్ని రోజూ గమనిస్తూ ఉంటాయి. పాల ప్యాకెట్ ఎన్నింటికి వస్తుందో, ఏ మేడ మీద అన్నం పడుతుందో, ఎవరు నిజంగా కర్ర తీస్తారో, ఎవరు ఉత్తినే అరుస్తారో వాటికి బాగా తెలుసు. అందుకే వల కట్టించే ముందు, బజారుకెళ్లి ఏదో ఒకటి కొనే ముందు, ఆ పక్షి మన ఇంట్లో ఏం నేర్చుకుందో కనిపెట్టాలి. అది తెలిస్తే సగం పని అయినట్టే. ఏ పరిష్కారంలోనూ పక్షికి గాయం కాకూడదన్నది నా నియమం. కింద రాసినవన్నీ ఆ నియమానికి లోబడినవే.

సమస్య: వీధిలో ఇంతమంది ఉండగా కాకి నన్నే తంతోంది

మొదట టెన్షన్ వదిలేయండి. కాకి తన్నితే అరిష్టమని భయపడి గుడికి వెళ్లి దీపం పెట్టుకుంటే తప్పేం లేదు, మనసు కుదుటపడుతుంది. కానీ రేపు అదే చెట్టు కింద నడిస్తే అది మళ్లీ తంతుంది.

కారణం చాలాసార్లు ఆ చెట్టు మీదే ఉంటుంది. ఊరకాకులు మన దగ్గర ఎక్కువగా ఎండాకాలంలో, వానలు పడే ముందు గూళ్లు కడతాయి. గుడ్లు పొదగడానికి రెండు వారాలు దాటుతుంది, పిల్లలు ఎగరడానికి ఇంకో మూడు నాలుగు వారాలు పడుతుంది. గూడు వదిలిన పిల్ల వెంటనే బాగా ఎగరలేదు. కింది కొమ్మల మీదో, గోడ మీదో, ఒక్కోసారి నేల మీదో కూర్చుని ఉంటుంది. ఆ రోజుల్లోనే తల్లీ తండ్రీ తలల మీదికి దూకుతాయి. మీరు పిల్ల పక్క నుంచి వెళ్లిన సంగతి మీకే తెలియకపోవచ్చు.

మరి అందరినీ వదిలేసి ఒకరినే ఎందుకు? కాకికి మనిషి మొహం గుర్తుంటుంది. అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో ఒక ముసుగు పెట్టుకుని కొన్ని కాకులను పట్టి, కాళ్లకు రింగులు వేసి వదిలేసింది. ఆ తర్వాత ఆ ముసుగుతో ఎవరు తిరిగినా కాకులు వెంటపడి అరిచాయి. వేరే ముసుగు పెట్టుకున్నవాళ్లను పట్టించుకోలేదు. ఏళ్లు గడిచినా మరిచిపోలేదు. అసలు వలలో పడని కాకులు కూడా, మిగతావాటిని చూసి, ఆ మొహాన్ని శత్రువు కింద లెక్క వేసుకున్నాయి. అక్కడి కాకి జాతి వేరు, కానీ మన ఊరకాకిదీ అదే కుటుంబం. కాబట్టి మీరు ఎప్పుడైనా గూడు ఉన్న కొమ్మ కొట్టించినా, కింద పడిన పిల్లను చేతిలోకి తీసుకున్నా, దాన్ని కాపాడటానికే తీసుకున్నా సరే, తల్లి కాకికి మీరు పిల్లను ఎత్తుకుపోయిన మనిషే.

పరిష్కారం: మూడు నాలుగు వారాలు దారి మార్చండి. మార్చడం కుదరకపోతే గొడుగు వేసుకోండి, బండి మీదైతే హెల్మెట్ ఎలాగూ ఉంటుంది. కాకి ఎక్కువగా వెనక నుంచే వస్తుంది, కాబట్టి ఆ చోటు దాటేదాకా తలెత్తి దాని వైపు చూస్తూ నడవండి. చూస్తున్న మనిషి మీదికి దూకడానికి అది జంకుతుంది. రాయి మాత్రం విసరకండి. విసిరితే ఆ మొహం మీద కోపం వచ్చే ఏడాదికీ మిగులుతుంది, పక్కింటి కాకులకూ పాకుతుంది. కింద పడిన పిల్లకు ఈకలు వచ్చి ఉంటే పిల్లి అందుకోని ఎత్తులో కొమ్మ మీదో గోడ మీదో పెట్టి వెంటనే దూరంగా వెళ్లిపోవాలి. పెంచుదామని ఇంట్లోకి తేవద్దు. తల్లి అక్కడే ఎక్కడో ఉంటుంది, మేపుతుంది.

ఒక్కోసారి కాకి గూట్లో పిల్ల గొంతూ రంగూ తేడాగా కనిపిస్తాయి. అది కోయిల పిల్ల. కోయిల తన గుడ్డును కాకి గూట్లో పెట్టి పోతుంది. ఇంత తెలివైన కాకి దాన్ని తన పిల్లే అనుకుని మేపుతుంది. అందులో మనం చెయ్యాల్సిందేమీ లేదు.

సమస్య: పిండం పెట్టి గంటైనా కాకి ముట్టడం లేదు

కృష్ణ ఒడ్డున ఘాట్లలో ఈ బాధ చూస్తే గుండె బరువెక్కుతుంది. పోయినవాళ్లకు ఏ కోరిక మిగిలిందోనని ఇంటిల్లిపాదీ కన్నీళ్లు పెట్టుకుంటారు. నమ్మకం సంగతి ఎవరిది వారిది. కాకి వైపు నుంచి చూస్తే మాత్రం మామూలు కారణాలు ఉంటాయి. పుణ్యతిథుల్లో ఘాట్ల దగ్గర కాకులకు పొద్దున్నే కడుపు నిండిపోతుంది. పైగా కొత్తగా కనిపించిన దేన్నైనా కాకి ముందు అనుమానిస్తుంది. మనమేమో చుట్టూ మూగి దాన్నే తదేకంగా చూస్తుంటాం. కాకి కుటుంబానికే చెందిన జాక్‌డా పక్షుల మీద జరిగిన పరిశోధనలో, తెలియని మనిషి తిండి వైపే చూస్తుంటే ఆ తిండిని తీసుకోవడానికి అవి ఎక్కువ తటపటాయించాయని తేలింది.

పరిష్కారం: వీలైనంత పొద్దున్నే పెట్టండి. గుంపు ఉన్న చోట కాకుండా కాస్త పక్కగా, కాకి ఎగిరిపోవడానికి పైన ఖాళీ ఉన్న చోట పెట్టండి. పెట్టినవాళ్లు పది అడుగులైనా వెనక్కి వచ్చి చూపు పక్కకు తిప్పుకోవాలి. "కా కా" అని అరుస్తూ చేతులు ఊపితే దగ్గరికొచ్చింది కూడా లేచిపోతుంది.

సమస్య: పాల ప్యాకెట్‌కు చిల్లు, వడియాలు మాయం

తిండి ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుందో ఒక పక్షి కనిపెడితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. ఇంగ్లండ్‌లో 1921లో చిన్న టిట్ పిట్టలు గుమ్మం ముందున్న పాల సీసాల మూతలు చించి మీగడ తినడం మొదటిసారి నమోదైంది. తర్వాతి దశాబ్దాల్లో అది ఊరూరా పాకింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాకటూలు అనే పెద్ద తెల్ల చిలకలు చెత్తడబ్బాల మూతలు ఎత్తడం నేర్చుకున్నాయి. 2018కి ముందు మూడు శివారు ప్రాంతాల్లో ఉన్న ఆ అలవాటు 2019 ఆఖరుకల్లా 44 ప్రాంతాల్లో కనిపించింది. జనం మూతల మీద ఇటుకలు పెడితే వాటిని తోసెయ్యడమూ నేర్చుకున్నాయి.

పరిష్కారం: పాలకు గుమ్మం దగ్గర మూత బిగుసుకునే డబ్బా పెట్టండి. తలుపు గడియకు తగిలించిన గుడ్డ సంచి చాలదు, కాకి అందులో ముక్కు పెట్టగలదు. వడియాల మీద పల్చటి పాత చీర పరిచి అంచులకు రాళ్లు పెట్టే మన అమ్మమ్మల పద్ధతే ఇప్పటికీ మేలు, ఎందుకంటే అది పక్షిని బెదిరించే ప్రయత్నం చెయ్యదు, తిండిని అందకుండా చేస్తుంది. తళతళలాడే సీడీలు, ప్లాస్టిక్ గుడ్లగూబలు కొన్ని రోజులు పనిచేస్తాయి. కదలని గుడ్లగూబ వల్ల ఏ ప్రమాదమూ లేదని తెలిశాక కాకి దాని నెత్తిమీదే కూర్చుంటుంది. పెట్టి తీరాలంటే రోజూ చోటు మార్చండి, వడియాలు ఎండగానే తీసి దాచెయ్యండి.

మాంసం, చేపలు కొనేవాళ్లకు ఒక మాట. మార్కెట్ బయట పల్చటి కవర్‌ను చేత్తో ఊపుకుంటూ నడిస్తే గద్ద తన్నుకుపోతుంది. గుడ్డ సంచిలో అడుగున పెట్టుకుని ఒంటికి దగ్గరగా పట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

సమస్య: బాల్కనీలో పావురాలు

అపార్ట్‌మెంట్లలో అసలు యుద్ధం ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

పావురాలు మొదట కొండ రాళ్ల అంచుల మీద గూళ్లు పెట్టిన జాతి. బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి తలెత్తి చూస్తే అపార్ట్‌మెంట్లు వాటికి ఎందుకంత నచ్చాయో అర్థమవుతుంది. ఏసీ బయటి యూనిట్ వెనక చోటు, కిటికీ సన్‌షేడ్, వాడని బాల్కనీ మూల, అన్నీ వాటికి కొండ అంచులే. రెండే గుడ్లు పెడతాయి, పదిహేను ఇరవై రోజుల్లో పొదుగుతాయి, పిల్లలు నెల దాటాక ఎగురుతాయి. మన ఎండల్లో ఏడాది పొడవునా పెడుతూనే ఉంటాయి. పట్టుకుని దూరంగా వదిలిపెట్టడం వృథా. ఇంటికి దారి వెతుక్కోవడంలో పావురాన్ని మించింది లేదు, మీకంటే ముందే తిరిగొచ్చి కూర్చుంటుంది.

గుంటూరు మనిషికి మొదట తట్టే మందు కారం. మిర్చి యార్డ్ ఉన్న ఊరు, కారానికి కరువా! కానీ పక్షి మీద కారం పనిచెయ్యదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్, మన ఒంట్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి తగులుకుంటుంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ తెచ్చినవాటిలో ఈ గ్రాహకాన్ని కనిపెట్టడం ముఖ్యమైనది. పక్షుల్లోనూ ఆ గ్రాహకం ఉంది, కానీ దాన్ని క్యాప్సైసిన్ కదిలించలేదు. చిలక పచ్చిమిరపకాయను హాయిగా కొరుక్కుతినేది అందుకే. అడవి మిరప గింజలు దూరదూరాలకు చేరేదీ పక్షుల కడుపుల్లోంచే. బాల్కనీలో చల్లిన కారం గాలికి లేచి పిల్లల కళ్లల్లో పడుతుంది, ఉడతలకు మంట పుట్టిస్తుంది. పావురానికి ఏమీ కాదు.

పక్షులు వాలకుండా గోడ అంచుల మీద బిగించే మేకుల పట్టీలు ఇంకో భ్రమ. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించిందేమిటంటే, యూరప్‌లో కాకులు, కాకి కుటుంబానికే చెందిన మాగ్‌పైలు భవనాల నుంచి ఆ మేకుల పట్టీలనే పీకి గూళ్లు కట్టుకున్నాయి. మాగ్‌పై అయితే మేకులను బయటికి తిప్పి గూటికి కంచెలా పెట్టుకుంది. ఇక పక్షి కాళ్లకు అంటుకునే జిగురు ఎవరైనా అమ్మజూపితే దయచేసి కొనకండి. అందులో పిచ్చుకలు, పిగిలిపిట్టలు ఇరుక్కుని రెక్కలు విరుచుకుని చచ్చిపోతాయి.

పరిష్కారం: నైలాన్ వల, అంచుల్లో సందు లేకుండా. పావురానికి రెండంగుళాల కన్ను సరిపోతుంది, కానీ ఒక మూల కొక్కెం ఊడితే చాలు, అక్కడి నుంచే దూరి లోపల చిక్కుకుంటుంది. సన్‌షేడ్ మీద 45 డిగ్రీలు దాటిన వాలులో పలకో రేకో బిగిస్తే కాలు నిలవదు. వల కట్టే ముందు ఏసీ వెనక చెయ్యి పెట్టి కాదు, టార్చి వేసి చూడండి. గుడ్లో పిల్లలో ఉంటే ఆ నెలన్నర ఆగండి. పిల్లలు ఎగిరిపోయిన రోజే పుల్లలు తీసేసి, చోటు కడిగి, వల బిగించండి. ఒక్క వారం ఆలస్యమైతే మళ్లీ గుడ్లు ఉంటాయి. ఎండిన రెట్టను పొడిగా ఊడవకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీను. మాస్కు పెట్టుకుని, బాగా తడిపి, నానాక గీకి తియ్యండి.

ఇంత చేసినా పోకపోతే కారణం మీ బాల్కనీలో లేదు. పైఅంతస్తులో ఎవరో రోజూ గింజలు వేస్తున్నారు. 2011లో పారిస్‌లో జరిగిన ప్రయోగంలో పావురాలు, తమను తరిమిన మనిషినీ ఊరుకున్న మనిషినీ వేరుగా గుర్తుపట్టాయి. ఇద్దరూ కోట్లు మార్చుకున్నా మోసపోలేదు. మీ అపార్ట్‌మెంట్‌లోనూ అంతే: వాచ్‌మన్‌ను చూస్తే లేస్తాయి, గింజలేసే పెద్దావిడను చూస్తే దిగుతాయి, మధ్యలో మీ ఏసీ మీద కాపురం పెడతాయి. ఆవిడతో గొడవ పడకండి. పుణ్యం కోసం, ఒంటరితనం పోవడం కోసం వేస్తుంటారు. అసోసియేషన్ మీటింగ్‌లో నిలదీయడం కంటే వరి కంకుల కుచ్చు ఒకటి తీసుకెళ్లి ఇవ్వండి. దాన్ని చూరుకు వేలాడదీస్తే పిచ్చుకలు పట్టుకుని తినగలవు, బరువైన పావురానికి కుదరదు. ఇది మర్యాదా, పరిష్కారమూ రెండూను.

సమస్య: పిట్ట బండి అద్దాన్ని పొడుస్తోంది

పిచ్చుక, పిగిలిపిట్ట, తేనెపిట్ట గూడు కట్టే రోజుల్లో అద్దంలోని తన బొమ్మను పోటీదారు అనుకుంటాయి. తెలివైన పక్షులకు కూడా అద్దం అంతు చిక్కదు. ఆ బొమ్మ తనదేనని గ్రహించినట్టు 2008లో జర్మనీలో మాగ్‌పై మీద పరీక్షలో కనిపించింది గానీ, అలాంటివి చాలా అరుదు. బండి ఆపగానే అద్దాలకు పాత సాక్సో కవరో తొడగండి. గూడు పని అయిపోయాక దానంతట అదే మానేస్తుంది.

సమస్య: ఏసీ పైపు కన్నంలో గోరింక

గోరింకకు చెట్టు తొర్ర దొరకకపోతే గోడ కన్నమే తొర్ర. పిల్లల కూతలు వినిపిస్తే ఆగండి. ఖాళీ అయ్యాక పైపు చుట్టూ సిమెంటుతో మూయండి. గుడ్డ కుక్కితే పీకి పారేస్తుంది.

సమస్య: జామకాయ ముదరగానే చిలకలు కొరికి పడేస్తున్నాయి

చిలకలు గుంపుగా వస్తాయి, చెట్టు కాపుకు వచ్చిన చోటును మరిచిపోవు. డబ్బా వాయిస్తే రెండు ఇళ్ల అవతల కూర్చుని మీరు లోపలికి వెళ్లేదాకా చూస్తాయి. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే ఒక్కోదానికి గుడ్డ సంచో వల సంచో కట్టెయ్యండి. చెట్టంతా కట్టలేరు కాబట్టి చేతికందే కొమ్మలకు కట్టుకుని, పైకొమ్మలు వాటికి వదిలేయండి. అక్కడ తిండి దొరికితే కింద సంచులు చించే శ్రమ పడవు. వలేసి పట్టి పంజరంలో పెడదామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. రామచిలుకను పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.