చుక్క తెగిపడింది చూశారా? ముందు ఇవి రాసుకోండి

తెగిపడే చుక్క శుక్రుడి కన్నా ఎక్కువగా వెలిగితే దాన్ని అగ్నిగోళం అంటారు. అది కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. అర నిమిషం దాటి, ముక్కలుముక్కలుగా నిదానంగా పోతే కాలిపోతున్న పాత ఉపగ్రహమో రాకెట్ భాగమో అయ్యుంటుంది. రాయలసీమ నుంచి చూస్తే ఆగ్నేయాన కింది నుంచి పైకెక్కేది శ్రీహరికోట రాకెట్ అయ్యుంటుంది.

చూసిన చోటు నుంచి కదలొద్దు. కాళ్ల దగ్గర ఒక రాయి పెట్టి గుర్తు చేసుకోండి. ఫోన్‌లో టైము రాసుకుని, ఐదు నిమిషాలు అక్కడే చెవి పెట్టి వినండి. శబ్దానికి కిలోమీటరుకు మూడు సెకన్లు పడుతుంది. సరిగ్గా నెత్తి మీద ముప్పై కిలోమీటర్ల ఎత్తున పగిలినా ఆ మోత మనదాకా రావడానికి నిమిషన్నర కావాలి. మోత టైము విడిగా రాయండి. రాత్రి పన్నెండు దాటితే తేదీ మారుతుంది, చాలామంది అక్కడే తప్పుతారు.

అసలు విలువంతా రెండు బిందువులది: వెలుగు కనబడిన చోటు, ఆరిపోయిన చోటు. నీళ్ల ట్యాంకు, సెల్ టవరు, వేపచెట్టు కొమ్మ, ఏది అడ్డంగా ఉంటే దానితో వాటిని గుర్తుపెట్టుకోండి. తర్వాత ఫోన్ దిక్సూచితో డిగ్రీలు తీయండి. బైకు, ఇనుప గేటు, రేకుల షెడ్డు పక్కన తీస్తే ముల్లు తప్పు చూపిస్తుంది. వాస్తుకు ‘ఈశాన్యం’ అంటే చాలు గానీ ఇక్కడ చాలదు, ఆ ఒక్క మాటలో 45 డిగ్రీలు పడతాయి.

ఎత్తుకు చెయ్యి బారుగా చాచి పిడికిలి పట్టండి, అడ్డంగా అది సుమారు 10 డిగ్రీలు. మీ పిడికిలి లెక్క సరిచూసుకోవాలంటే ధ్రువనక్షత్రం ఉంది. కడప, అనంతపురాల్లో అది దిగంతానికి పిడికిలిన్నర పైన, కర్నూలులో ఇంకాస్త ఎత్తున ఉంటుంది. కొలవకుండా చెబితే ఎత్తు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. ‘సగం ఆకాశం’ అన్నది తీరా కొలిస్తే 30 డిగ్రీలే ఉంటుంది.

‘ఆ గుట్ట వెనకాలే పడింది’ అనే మాట నమ్మొద్దు. ఒక్క పిడికిలి ఎత్తున కనబడిన వెలుగు నేలకు 80 కిలోమీటర్ల ఎత్తున మండి ఉంటే, అది మీకు దాదాపు 400 కిలోమీటర్ల దూరం. అనంతపురం నుంచి తూర్పుకు అంత దూరమంటే బంగాళాఖాతమే.

సీసీ కెమెరాలో పడిందేమో చూడండి. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కకముందే అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, వాట్సాప్‌లో పంపితే స్పష్టత పోతుంది. కెమెరా గడియారం ఎంత తప్పుందో తెలియడానికి ఆ తెరనూ ఫోన్ టైమునూ కలిపి ఫొటో తీయండి.

రిపోర్టును అంతర్జాతీయ ఉల్కా సంస్థ వెబ్‌సైట్‌లోని ఫారంలో ఉచితంగా పంపవచ్చు. పక్కవాళ్లతో మాట్లాడుకోకముందే ఎవరిది వాళ్లు నింపాలి, లేకపోతే అందరి జవాబూ ఒకటే అవుతుంది. మొదలు చూడకపోతే చూడలేదనే రాయండి. ఊహించి గీసిన గీత కన్నా ఖాళీ గడి మేలు.

పైనుంచి పడిందనిపించే రాయి దొరికితే కడగొద్దు, అయస్కాంతం తగిలించొద్దు. తగిలిస్తే అందులో దాగిన పాత అయస్కాంత గుర్తు చెడిపోతుంది. శుభ్రమైన సంచిలో పెట్టి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తెలపండి. బరువుంది కదా అని మురిసిపోవద్దు, మంగంపేట ముగ్గురాయి కూడా బరువే. కొత్తగా పడిన ఉల్కారాయికి పైన పలచని నల్లటి పెంకు ఉంటుంది, విరిగిన చోట లోపల లేతరంగు కనబడుతుంది. లోపలంతా బుడగల గుంతలుంటే అది పాత కొలిమి చిట్టెం అయ్యుండవచ్చు.