ద్వీపయాత్రకు ముహూర్తం – 3వ పాఠం: ఏ నెలకు ఏ ఒడ్డు, ఏ పనికి ఏ గంట

గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్న: ఆగస్టులో శ్రీలంక వెళ్లొచ్చా? ‘వెళ్లొచ్చు’ అనో ‘వద్దు’ అనో ఒక్క ముక్కలో తేల్చేసినవాళ్లు ఇంకోసారి ఆలోచించాలి. ఆగస్టులో నైరుతి రుతుపవనం జోరుమీద ఉంటుంది. ఆ గాలి నేరుగా పడమటి, దక్షిణపు తీరాలకొచ్చి కొడుతుంది. మిరిస్సా, హిక్కడువా వైపు అలలు పెద్దవి, నీళ్లు కలకగా ఉంటాయి. అదే గాలి నడిమి కొండలెక్కి, తేమంతా అక్కడే కురిపించేసి, తూర్పుకు పొడిగా దిగుతుంది. ట్రింకోమలీ దగ్గర సముద్రం అప్పుడే బాగుంటుంది. కాబట్టి సరైన జవాబు: ఆగస్టులో వెళ్లొచ్చు, బస మాత్రం తూర్పు తీరంలో పెట్టుకోవాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా లెక్క తిరగబడుతుంది. పడమర, దక్షిణం బాగుంటాయి. తిమింగలాలను చూపించే పడవలదీ ఇదే లెక్క: మిరిస్సాలో డిసెంబరు–ఏప్రిల్, ట్రింకోమలీలో మే–ఆగస్టు.

అక్టోబరు, నవంబరు మాత్రం ఈ లెక్కకు లొంగవు. ఒక రుతుపవనం వెనక్కి మళ్లి ఇంకొకటి కుదురుకునే లోపు గాలికి స్థిరమైన దిక్కు ఉండదు. మధ్యాహ్నాలు ఉరుముల వాన, మధ్యమధ్య బంగాళాఖాతంలో అల్పపీడనం. ఆ రెండు నెలల్లో ఏ ఒడ్డుకు పారిపోయినా వాన తప్పకపోవచ్చు.

ఇక ఈ పాఠం. ‘ఫలానా ద్వీపానికి మంచి నెల ఏది’ అనే ప్రశ్నే సగం తప్పు. దీవి మొత్తానికీ ఒకే మంచి నెల ఉండటం అరుదు. అడగాల్సినవి రెండు: ఆ నెలలో గాలి ఎటునుంచి వస్తుంది? ఆ గాలికి చాటుగా ఉన్న ఒడ్డు ఏది?

గాలిచాటు పట్టుకోవడం

దీవి పటం ముందు పెట్టుకోండి. ఎత్తైన కొండలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టండి. తర్వాత మీరు వెళ్లే నెలలో వీచే ప్రధాన గాలి దిక్కు రాసుకోండి. రుతుపవనాల ప్రభావం లేని చోట్ల ఇది తేలిక: భూమధ్యరేఖకు ఉత్తరాన వ్యాపార పవనాలు ఈశాన్యం నుంచి, దక్షిణాన ఆగ్నేయం నుంచి వీస్తాయి. గాలి వచ్చే వైపు నుంచి బాణం గీసి, కొండకు అవతల ఉన్న ఒడ్డు చుట్టూ సున్నా గీయండి. మీ బస అక్కడ.

తేడా ఎంతుంటుందో హవాయి పెద్దదీవిలో చూడొచ్చు. గాలికి ఎదురుగా ఉన్న హీలోలో ఏడాదికి సుమారు 3,000 మి.మీ. వాన. కొండల అవతల, కారులో రెండు గంటల లోపు దూరంలో ఉన్న కొహాలా తీరంలో 250 మి.మీ. ప్రాంతం. హీలో వానలెక్క చూసి దీవినే పక్కన పెట్టేసినవాళ్లు మోసపోయినట్టే.

థాయ్‌లాండ్‌లో ఇది రెండు దీవుల మధ్య కనిపిస్తుంది. ఫుకెట్‌కు మే నుంచి అక్టోబరు దాకా వానకాలం. ద్వీపకల్పానికి అటువైపున్న కో సముయ్‌కి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ‘థాయ్‌లాండ్‌కు నవంబరులో వెళ్లండి’ అన్న సలహా విని సముయ్‌లో గది తీసుకుంటే రోజంతా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాలి.

కొండలే లేని పగడపు దీవుల్లో ఈ ఉపాయం వానకు పనికిరాదు. మాల్దీవుల్లో నేల చాలావరకు సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మేఘాన్ని ఆపే గోడ లేదు. అక్కడ ఎంచుకోవాల్సింది వాన చాటు కాదు, అల చాటు. పగడపు వలయానికి బయటివైపు సముద్రం పొంగుతున్నా లోపలి మడుగు ప్రశాంతంగానే ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. గాలి లేదు కదా, అలలు ఉండవనుకుంటారు. దూరపు తుపానులు పుట్టించిన పొడవాటి అలలు స్థానిక గాలితో సంబంధం లేకుండా వేల కిలోమీటర్లు ప్రయాణించి వస్తాయి. హవాయిలోనే ఉన్న ఒవాహు దీవి ఉత్తరపు ఒడ్డున వైమియా తీరం వేసవిలో ఈతకు అనువుగా ఉంటుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అక్కడే ఇంటెత్తు అలలు లేస్తాయి. అలల సూచనలో ఎత్తుతో పాటు రెండు అలల మధ్య సమయమూ ఇస్తారు. అదీ చూడండి. ఒకటిన్నర మీటర్ల అల 7 సెకన్లకొకటి వస్తే చిరాకు పెడుతుంది. అదే ఎత్తు 15 సెకన్లకొకటి వస్తే ఒడ్డు దగ్గర చాలా ఎత్తుకు లేచి విరుగుతుంది. రెండోది ఈతగాళ్లకు ప్రమాదం.

వాన పట్టికలో చూడాల్సింది

నెలసరి వాన మిల్లీమీటర్లు ఒక్కటే చూస్తే సరిపోదు. పక్కనే వాన రోజుల సంఖ్య ఉంటుంది. 250 మి.మీ. పది రోజుల్లో పడితే, చాలాసార్లు అది మధ్యాహ్నం ఒక గంట కుండపోత; పొద్దున్న పూటంతా మీకు మిగులుతుంది. 150 మి.మీ. ఇరవై రోజులకు పరుచుకుంటే రోజూ మబ్బు, తడి. సెలవుకు మొదటిదే మేలు. రెండు దేశాల పట్టికలు పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త: భారత వాతావరణ శాఖ 2.5 మి.మీ. పడితేనే వాన రోజంటుంది, చాలాచోట్ల 1 మి.మీ. చాలు.

తుపాను నెలలు

కరీబియన్‌తో సహా అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30, ఉధృతి సెప్టెంబరులో. మారిషస్, రీయూనియన్, ఫిజీ వైపు నవంబరు నుంచి ఏప్రిల్. బంగాళాఖాతంలో, అంటే అండమాన్‌కు, రుతుపవనానికి ముందూ వెనకా: ఏప్రిల్–జూన్, అక్టోబరు–డిసెంబరు. భూమధ్యరేఖకు అటూ ఇటూ 5 డిగ్రీల లోపు తుపాన్లు దాదాపు పుట్టవు. సుడి తిరగడానికి కావలసిన భూభ్రమణ ప్రభావం అక్కడ చాలదు. కరీబియన్‌లోనే అరుబా, కురసావ్, బొనేర్ సాధారణంగా హరికేన్ల దారికి దక్షిణంగా ఉండిపోతాయి.

ఈ నెలల్లో వెళ్లకూడదని కాదు. వెళితే టికెట్టూ గదీ రద్దు చేసుకునే వీలున్నవి తీసుకోండి, బీమా ముందే చేయించండి. తుపానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపాను నష్టానికి సాధారణంగా వర్తించదు.

పోటు లెక్క

నెల, ఒడ్డు తేలాక గంటలు మిగిలాయి. చాలా ప్రణాళికలు చెడేది ఇక్కడే. స్నార్కెలింగ్‌కు (గొట్టంతో ఊపిరి పీలుస్తూ, నీళ్ల మీద బోర్లా తేలుతూ పగడాలు చూడటానికి) పొద్దున్నే వెళ్లమంటారు, ఎందుకంటే పగలు ఎండకు నేల వేడెక్కి పదకొండు తర్వాత సముద్రపు గాలి మొదలవుతుంది. నిజమే. కానీ ఆ ఉదయం ఆటు మీదుంటే పగడాల మీద మోకాలి లోతు నీళ్లే ఉంటాయి. మీ కాళ్లు గీసుకుపోతాయి, పగడాలు విరుగుతాయి.

రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వచ్చే చోట ఒక పోటు నుంచి ఆటుకు ఆరు గంటల పైచిలుకు. నీళ్లు సమానంగా పెరగవు. మొత్తం తేడాను 12 భాగాలు చేస్తే గంటగంటకూ 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున పెరుగుతాయి.

లెక్క వేద్దాం. పట్టికలో ఉదయం 6 గంటలకు ఆటు 0.4 మీ., 12 గంటలకు పోటు 1.6 మీ. అనుకోండి. తేడా 1.2 మీ., భాగానికి 0.1 మీ. ఏడింటికి 0.5, ఎనిమిదింటికి 0.7, తొమ్మిదింటికి 1.0, పదింటికి 1.3, పదకొండింటికి 1.5. పగడపు దిబ్బ పైభాగం అదే కొలతలో 0.3 మీ. దగ్గరుంటే, దాని మీద ఒక మీటరు నీళ్లు నిలిచేది పది గంటలకు. మధ్యాహ్నం రెండు దాకా ఆ లోతు ఉంటుంది. కానీ గాలి లేచే లోపు కావాలంటే మీకు దక్కేది 10 నుంచి 11:30 వరకే.

పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రెండు రోజులు ఆగితే పదింటి లోతు 11:40కి గానీ రాదు; అప్పటికి నీటి మీద తెల్లని నురగ కనిపిస్తుంటుంది. అంటే ఈ పని మొదటి రోజే పెట్టుకోవాలి. వారం ఆగితే నడిమధ్యాహ్నానికి ఆటు వచ్చి కూర్చుంటుంది.

ఇంకో సంగతి తెలిస్తే పట్టిక లేకుండానే అంచనా వేయొచ్చు. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజుల్లో పోటు, ఆటు రెండూ గట్టిగా ఉంటాయి. అష్టముల ప్రాంతంలో మందంగా ఉంటాయి. పైగా ఒకే ఊళ్లో ప్రతి పౌర్ణమికీ అమావాస్యకూ పోటు దాదాపు ఒకే గంటకు వస్తుంది. ఒక పౌర్ణమి వేళ తెలుసుకుంటే వచ్చే నెలలవీ తెలిసినట్టే.

అన్ని పనులకూ పోటే కావాలని లేదు. అండమాన్‌లో షహీద్ ద్వీప్‌లోని లక్ష్మణ్‌పూర్ దగ్గర సహజ రాతివంతెన కిందికి ఆటు సమయంలోనే నడవగలం. అక్కడ గంట లెక్కలో మరో చిక్కుంది: దీవులు భారత కాలమానంలోనే నడుస్తాయి కానీ చాలా తూర్పున ఉన్నాయి, డిసెంబరులో సాయంత్రం ఐదింటికే సూర్యుడు దిగిపోతాడు. నాలుగున్నరకు ఆటు అని బయలుదేరితే తిరుగుదారి చీకట్లో, రాళ్ల మీద.

ఈ పోటు లెక్క చెల్లని చోట్లూ ఉన్నాయి. కరీబియన్‌లో చాలాచోట్ల తేడా అర మీటరు కూడా ఉండదు; అక్కడ పోటు మాట మరిచిపోయి గాలి చూసుకుంటే చాలు. పసిఫిక్‌లోని తాహితి దీవిలో చంద్రుడి ప్రభావం కన్నా సూర్యుడిదే పైచేయి, రోజూ మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతంలోనే పోటు. యాభై నిమిషాల ఆలస్యం అక్కడ వెతకొద్దు.

రోజుల అమరిక

వాతావరణం మీద ఆధారపడ్డ పనులు మొదటి రోజుల్లో పెట్టండి. పడవ రద్దయితే మర్నాటికి జరపడానికి చోటుంటుంది. ఆఖరి రోజు పడవ పని వద్దు. స్కూబా (గాలి సిలిండరుతో నీటి లోతుకు మునగడం) కూడా ముందే. ఒక్కసారి మునిగితే విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, వరసగా మునిగితే 18 గంటలు ఆగాలి.

గాలి సూచన గంటకు 20 కి.మీ. దాటి, మీ ఒడ్డు దానికి ఎదురుగా ఉంటే స్నార్కెలింగ్ మానేసి కొండ నడకో, ఊరు చూడటమో పెట్టుకోండి. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్నంతసేపు ఎండ కాలుస్తుంది. నీళ్లలో బోర్లా తేలేవాళ్లకు వీపు కాలుతున్నట్టు తెలియదు కాబట్టి పూర్తి చేతుల ఈత చొక్కా వేసుకోండి. హవాయిలో 2021 జనవరి 1 నుంచి పగడాలకు హాని చేస్తాయని ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్లు అమ్మనివ్వరు. పసిఫిక్ ద్వీపదేశం పలావులో 2020 నుంచే నిషేధం.

అభ్యాసం

1. మీరు అనుకున్న దీవి పటం మీద కొండలు, వెళ్లే నెల గాలి దిక్కు, గాలిచాటు ఒడ్డు గుర్తించండి. ఒడ్డు మార్చకుండా నెల మారిస్తే ఏమవుతుందో కూడా రాయండి.

2. ఆటు ఉదయం 7:00కు 0.2 మీ., పోటు మధ్యాహ్నం 1:00కు 2.0 మీ. దిబ్బ పైభాగం 0.4 మీ. దగ్గరుంది. దాని మీద మీటరు నీళ్లు ఎప్పుడు నిలుస్తాయి? మూడు రోజుల తర్వాత ఆ వేళ ఎంత? ఆ రోజు వెళ్తారా, మానేస్తారా? కారణంతో సహా రాయండి. 4వ పాఠం ఈ జవాబుతోనే మొదలవుతుంది. అందులో పడవల వేళలు, దీవి నుంచి దీవికి మారడం.