ఇంజిన్ బ్లాక్‌తో టీపాయ్: రంగు డబ్బా తెరిచే ముందు

పాత కారు ఇంజిన్ బ్లాక్ (సిలిండర్లు ఉండే బరువైన లోహపు దిమ్మ) మీద గాజు పలక వేస్తే హాల్లోకి మంచి టీపాయ్ తయారవుతుంది. ఇలాంటి పని చాలావరకు చెడేది ఒకే కారణంతో: పైపైన రుద్ది మెరిపించి, లోపల కడగకుండా రంగు వేసేయడం. బ్లాక్ గోడల్లో ఆయిల్ తిరిగే సన్నటి దారులు, నీళ్లు తిరిగే ఖాళీలు ఉంటాయి. అక్కడ మిగిలిన ఆయిల్ చలికాలమంతా చిక్కగా కూర్చుని, ఎండలు ముదరగానే పలచబడి గచ్చు మీదికి చుక్కలు చుక్కలుగా దిగుతుంది.

కొనేటప్పుడే అయస్కాంతం దగ్గరపెట్టుకోండి. అంటుకుంటే పోత ఇనుము, లేకపోతే అల్యూమినియం. తర్వాతి పనంతా దీన్నిబట్టే. ఇంజిన్ నంబరు రాసిన బిల్లు తప్పకుండా తీసుకోండి, బ్లాక్ మీద ఆ నంబరును గ్రైండర్‌తో చెరపకండి.

నాలుగు సిలిండర్ల ఇనప బ్లాక్ ఒట్టిదే 40 నుంచి 60 కిలోలు తూగుతుంది. డీజిల్‌దైతే ఇంకా ఎక్కువ. ఒక్కరే ఎత్తొద్దు. చైన్ పుల్లీ వాడండి, కింద చెక్క దిమ్మలు పెట్టండి, వేలాడుతున్న బ్లాక్ కిందకి చెయ్యి పోనివ్వకండి.

బ్లాక్ మీద మూతలా బిగించే హెడ్ కూడా వాడుకునేట్లయితే వాల్వు స్ప్రింగులను స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయకండి. నొక్కి పట్టి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విడిపోతే దాన్ని పట్టి ఉంచే చిన్న లాకులు కంటికేసి ఎగురుతాయి. స్ప్రింగ్ కంప్రెసర్‌తోనే తీయాలి. కొన్ని ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వు కాడ లోపల సోడియం నింపి ఉంటుంది. కోస్తే అది నీటి తడికి మండుతుంది కాబట్టి వాల్వులను కోయకుండా ఉన్నవి ఉన్నట్టే వాడండి.

ఇక కడగడం. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ఆయిల్ దారుల చివర ఉన్న ప్లగ్గులు, పక్క గోడల్లోని గుండ్రటి బిళ్లలు అన్నీ విప్పేయండి. పొడుగాటి సన్న బ్రష్షును డీజిల్‌లో ముంచి ప్రతి రంధ్రాన్నీ ఈ చివరి నుంచి ఆ చివరికి తోమండి. పెట్రోలు వద్దు: దాని ఆవిరి నేలబారుగా పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. తర్వాత వేడి సబ్బునీళ్లు, ఆపైన గాలి పంపుతో ఊదడం. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తియ్యగా ఉండే విషం, పిల్లలకూ కుక్కలకూ అందకుండా డబ్బాలో మూసిపెట్టండి.

జిడ్డు వదిలించే కాస్టిక్ సోడా ఇనప బ్లాక్‌కే. అల్యూమినియం మీద పోస్తే లోహాన్ని తినేస్తూ మండే హైడ్రోజన్ వాయువు వదులుతుంది. సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు.

పాత గాస్కెట్లలో (భాగాల మధ్య కారకుండా పెట్టే పొరల్లో) ఆస్బెస్టాస్ అనే, ఊపిరితిత్తులకు చేటు చేసే నార ఉండొచ్చు. వాటిని పొడిగా రుద్దకుండా తడిపి గీకి, ఆ చెత్తను సంచిలో మూటకట్టండి. గ్రైండర్‌కు బిగించే తీగల బ్రష్ మీద రాసిన వేగం గ్రైండర్ వేగాని కంటే ఎక్కువ ఉండాలి. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది, తెగిన తీగ సూదిలా దిగుతుంది. ముఖమంతా కప్పే షీల్డ్ పెట్టుకోండి. చున్నీ, లుంగీ, వదులు చేతులు వద్దు.

బ్రేక్ క్లీనర్ స్ప్రే చేసిన చోట వెల్డింగ్ చేయకండి. అందులో క్లోరిన్ ఉన్న రకమైతే ఆ వేడికి ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుడుతుంది. అసలు పోత ఇనుముకు మామూలు వెల్డింగ్ పనికిరాదు, చల్లారేటప్పుడు అతుకు పక్కనే పగులుతుంది. కాళ్లను, చట్రాన్ని బ్లాక్‌లో ముందే ఉన్న బోల్టు రంధ్రాలకే బిగించండి. పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్‌లో మరలు అంగుళాల లెక్కవి. మిల్లీమీటర్ల బోల్టును బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. పాత బోల్టునే నమూనాగా కొట్టుకు తీసుకెళ్లండి.

రంగుకు ముందు ఒక పరీక్ష. తెల్ల కాగితాలు పరిచి బ్లాక్‌ను బోర్లించి రెండు రాత్రులు వదిలేయండి. రూపాయి బిళ్లంత మరక కనిపించినా మళ్లీ కడగాలి. ఆ రెండు రాత్రుల్లో తుప్పు పట్టకుండా పలచగా తుప్పు నిరోధక స్ప్రే కొట్టండి. రంగు వేసే రోజు దాన్ని థిన్నర్‌తో తుడిచేసి వెంటనే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేయండి. ఉక్కపోత రోజుల్లో కడిగిన ఇనుము గంటల్లోనే ఎర్రబడుతుంది.

గాజు 12 మిల్లీమీటర్ల మందం, వేడిచేసి గట్టిపరచిన టఫెన్డ్‌దే తీసుకోండి. మామూలు గాజు పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. టఫెన్డ్ గాజును తర్వాత కోయడం, రంధ్రం పెట్టడం కుదరవు, కొలతలన్నీ ఆర్డరప్పుడే ఖాయం చేసుకోవాలి. 4 అడుగులకు 2 అడుగుల పలక దాదాపు 22 కిలోలు. 60 కిలోల బ్లాక్, ఎవరైనా ఒరిగితే మరో 80 కలిపి 162. టీపాయ్ అడుగున నాలుగు చక్రాలు వేస్తాం, ఎగుడుదిగుడు గచ్చు మీద వాటిలో ఒకటి గాల్లో ఉంటుంది కాబట్టి మూడుతో భాగించండి: 54. ఒక్కొక్కటి 75 కిలోలు మోసే చక్రాలు నాలుగు వేయండి, రెండింటికైనా బ్రేకులుండాలి. గాజుకూ ఇనుముకూ మధ్య రబ్బరు బిళ్లలు పెట్టండి.

మొదటి నెల వారానికోసారి బోల్టులు బిగించి చూడండి, బ్లాక్ అడుగున చెయ్యి పెట్టి తడమండి. జిడ్డు తగిలితే గాజు దించి, దగ్గర్లోని ప్లగ్ విప్పి, కడగడం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.