కుళాయి కింద పాచి నుంచి భీమిలి రాళ్ల దాకా: నాచును ఫొటో తీయడం ఎలా?

బావిమెట్ల మీద కాలు జారిస్తే పాకుడు అంటాం. కుళాయి కింద సిమెంటు పచ్చబడితే పాచి. చెరువులో తేలితే నాచు. పేర్లు ఎన్నున్నా ఫొటో తీసేటప్పుడు తంటా ఒక్కటే: కంటికి ముచ్చటగా ఉన్నది ఫోన్‌లో పచ్చటి మరకలా పడుతుంది. మూడు నాలుగు వానాకాలాలు అలాంటి మరకలే పోగేశాక నాకు అర్థమైంది, దీనికి కొత్త కెమెరా అక్కర్లేదని. ఎదురుగా ఉన్నది జిగురు పొరా, పోగులా, పొడి పెచ్చా అని చూసుకుని, దాన్నిబట్టి వెలుతురు మార్చుకుంటే చాలు.

1. ఇంటి చుట్టూ మొదలుపెట్టండి

ఏసీ నీళ్లు కారే గోడ, కూలర్ ట్యాంకు, పూలకుండీ అడుగు, పశువుల నీళ్లతొట్టి... తడి ఆరకుండా కాస్త వెలుతురు తగిలే చోటల్లా ఉంటుంది. ఎండాకాలమంతా నేల మీద నల్లగా, పెళుసుగా పడి ఉన్న పెచ్చులు తొలకరికి ఉబ్బి జిగురు ముద్దలైతే, అది నాస్టాక్. నీలి ఆకుపచ్చ నాచు అనే పేరున్నా శాస్త్రం దీన్ని బ్యాక్టీరియాల్లోనే లెక్కేస్తుంది. ఎండు పెచ్చును పళ్లెంలో పెట్టి నీళ్లు పోసి, కదలని చోటి నుంచి పది నిమిషాలకొక ఫొటో తీసి చూడండి.

చిట్టి ఆకులు కనిపిస్తే అది మాస్ (moss) అనే బుల్లి మొక్క, నాచు కాదు. గుర్రపుడెక్క కూడా కాదు. వరిమడిలోని అజొల్లా ఫెర్న్ జాతిది. కాకపోతే దాని ఆకుల్లో నీలి ఆకుపచ్చ నాచు కాపురముంటుంది.

2. తళతళ తగ్గించండి

తడి పాచి మీద ఆకాశం ప్రతిబింబిస్తుంది. ఫొటోలో పడే తెల్లటి మెరుపు అదే, రంగును మింగేసేదీ అదే. నల్ల గొడుగు అడ్డంపెట్టి చూడండి, సగం పని అయిపోతుంది. ఇంట్లో పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలుంటే ఒక అద్దాన్ని లెన్స్‌కు ఆనించి మెల్లగా తిప్పండి. ఒకచోట మెరుపు మాయమై, నీటి అడుగున ఉన్నది తేటగా కనిపిస్తుంది. నిట్టనిలువుగా కిందికి చూస్తే ఈ కిటుకు పనిచేయదు. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల ఏటవాలులో పట్టుకోవాలి.

ముదురు పచ్చను చూసి ఫోన్ చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది. తెరను వేలితో నొక్కిపట్టి ఫోకస్ ఆపేసి, వెలుతురును కాస్త కిందికి లాగండి. ఫ్లాష్ జోలికి వెళ్లొద్దు.

3. పోగులను నీళ్లలో పరచండి

చెరువు అంచున జుట్టులా చేతికి జారే పచ్చటి పోగులు స్పైరోగైరా కావచ్చు. బయటికి తీస్తే ముద్దైపోతుంది. తెల్ల సాసర్‌లో అదే చెరువు నీళ్లు పోసి, పుల్లతో విడదీసి తీయండి. పక్కన రూపాయి బిళ్ల పెడితే పరిమాణం తెలుస్తుంది. చెరువులోనే తీయాలంటే ఎండెక్కాక వెళ్లండి: వెలుతురుకు అది వదిలే ఆక్సిజన్ బుడగలు పోగుల్లో చిక్కుకుని, చాపంతటి నాచు పైకి తేలుతుంది. నాకైతే ఆ బుడగలే అసలు ఫొటో. కణాల్లో మెలికలు తిరిగిన పచ్చ రిబ్బన్ చూడాలంటే ఫోల్డ్‌స్కోప్ ఉంది. మను ప్రకాశ్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిన కాగితపు మైక్రోస్కోప్ అది.

4. నారింజ రంగును వదలకండి

చెట్ల మొదళ్ల మీద, పాత గోడల మీద తుప్పులా కనిపించే మఖమల్ పొర చాలాసార్లు ట్రెంటెపోలియా అయి ఉంటుంది. జాతికి ఆకుపచ్చ నాచే, కెరోటినాయిడ్లనే నారింజ రంగు పదార్థాలు ఆ పచ్చదనాన్ని కప్పేస్తాయి. దీనికి ఉదయపు ఎండ పక్క నుంచి పడాలి, అప్పుడే నూగు కనిపిస్తుంది.

5. రంగు కలిపినట్టున్న చెరువు

నీటి మీద పచ్చ పెయింటు ఒలకబోసినట్టుంటే గట్టు మీది నుంచే తీయండి. అందులో మైక్రోసిస్టిస్ లాంటి నీలి ఆకుపచ్చ నాచులుంటే విషం వదలగలవు. చెయ్యి పెట్టొద్దు, కుక్కనో పశువునో తాగనివ్వొద్దు.

6. సముద్రం దగ్గర నీరు తీసే (ఆటు) వేళకు వెళ్లండి

విశాఖలో తెన్నేటి పార్కు, రుషికొండ, భీమిలి దగ్గరి రాళ్లు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా తీసినప్పుడు బయటపడతాయి. ఆ వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి ముందే చూసుకోండి. రాళ్ల మీద పల్చటి పచ్చ ఆకులా పరుచుకునేది ఉల్వా. దాని మందం రెండు కణాలే! ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కను సూర్యుడికి అడ్డంగా పట్టుకుని తీస్తే అద్దంలా వెలుగుతుంది. రాతికి అంటుకున్నదాన్ని పీకకండి.

అలలకు వీపు చూపించొద్దు. అడుగు నాచు మీద కాకుండా గరుకు రాయి మీద వేయండి. ఫోన్‌కు తాడు కట్టి మెడలో వేసుకోండి. నాది ఒకటి మా ఊరి దిగుడుబావిలో, పాకుడు మెట్ల కింద ఇంకా అలాగే ఉంది.