విదేశంలో పేరున్న చోటు చూసి ‘ఇంతేనా?’ అనిపిస్తే ఏం చేయాలి?

తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు వెళ్లి, అక్కడ సింగపూర్ విమానం ఎక్కే కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అంత ఖర్చు పెట్టుకుని వెళ్లాక, ఫొటోల్లో ఊరించిన విగ్రహం ఎదురుగా చిన్నగా కనిపిస్తే ఉసూరుమనిపిస్తుంది. ఆ నిరాశను చాలావరకు బయల్దేరకముందే తప్పించవచ్చు.

1. ముందు కొలతలు చూడండి. ఫొటోలో సైజు తెలియదు. సింహం తల, చేప ఒళ్లు ఉన్న సింగపూర్ మెర్లయన్ ఎత్తు 8.6 మీటర్లు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లోని మత్స్యకన్య విగ్రహం 1.25 మీటర్లే. పారిస్‌లోని మోనాలిసా చిత్రం 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. అదీ అద్దం వెనక, జనం తలల మీదుగా చూడాలి. ఈ అంకెలు పిల్లలకు ముందే చెప్పండి.

2. ఏ నెల, ఏ పూట అన్నది తేల్చుకోండి. మే నెలలో తలకోన వెళ్లి, నీళ్లు సన్నగా పడుతున్నాయని జలపాతాన్ని అని ఏం లాభం? వానలు పడ్డాక వెళ్లాలి. సింగపూర్‌లో ఏడాదంతా ఉక్కపోతే కాబట్టి మెర్లయన్ దగ్గరకు చీకటి పడ్డాక వెళ్లండి. మెరీనా బే చుట్టూ దీపాలు వెలుగుతాయి. మెర్లయన్ ఉన్న పార్కుకు టికెట్ లేదు. మరమ్మతులేమైనా జరుగుతున్నాయేమో కూడా చూసుకోండి.

3. ప్యాకేజీ అయితే, అక్కడ ఎంతసేపు ఆపుతారో డబ్బు కట్టకముందే అడగండి.

4. అక్కడికెళ్లాక నచ్చకపోతే, అమ్మానాన్నల ముందు ‘డబ్బులు దండగ’ అనకండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. కొడుకు, కూతురు తమకోసం ఖర్చు పెట్టారని పెద్దవాళ్లకు లోపల ఎప్పుడూ బెంగే. ఆ మాట వింటే మిగిలిన రోజులన్నీ ‘మాకేం వద్దు నాయనా, రూములోనే ఉంటాం’ అంటారు. దాని బదులు ఆ విగ్రహం కథ చెప్పండి. మెర్లయన్‌నే తీసుకోండి. 1972లో దాన్ని సింగపూర్ నది సముద్రంలో కలిసేచోట పెట్టారు. 1997లో ఎస్‌ప్లనేడ్ వంతెన వచ్చి సముద్రం వైపు నుంచి కనబడకుండా అడ్డుపడింది. అంతటి బరువైన విగ్రహాన్ని 2002లో సుమారు 120 మీటర్లు జరిపి ఇప్పుడున్న చోట నిలబెట్టారు. ఇది విన్న పిల్లలు పాత చోటు ఎక్కడా అని వెతకడం మొదలుపెడతారు.

5. నాలుగడుగులు పక్కకు నడవండి. ఒకప్పుడు పెద్ద పోస్టాఫీసుగా ఉన్న ఫుల్లర్టన్ భవనం ఎదురుగానే ఉంటుంది. 1928లో కట్టింది. ఇంకో పూట ఫారర్ పార్క్ ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో రైలు) స్టేషన్‌లో దిగితే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. మన ఊరి పెద్దవాళ్లకు పరాయి దేశంలో ఆ స్వామి దర్శనం ఎంత తృప్తినిస్తుందో చెప్పక్కర్లేదు.

6. ఇంటికొచ్చాక ఎవరైనా అడిగితే ‘సూపర్’ అని తేల్చేయకండి. ఎంత ఎత్తు, ఎంత నడక, ఏ పూట బాగుంటుంది అన్నవి చెప్పండి.