ఊళ్లో బ్యాంకు బ్రాంచి చరిత్ర రాయాలంటే

ముందు బోర్డుని నమ్మడం మానాలి. దాని మీద ఉన్నది ఈనాటి పేరు. ఉదాహరణకి, 1976లో స్టేట్ బ్యాంకు అండతో పుట్టిన శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1 నుంచి అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు. పాత పేరులో విశాఖ ఉన్నా ప్రధాన కార్యాలయం శ్రీకాకుళంలో ఉండేది. ఆంధ్రా బ్యాంకు శాఖలు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకువయ్యాయి. అందుకే శాఖ తెరిచిన తేదీ, ఇప్పటి భవనంలోకి మారిన తేదీ, పేరు మారిన తేదీ వేర్వేరుగా రాసుకోండి. ఎక్కువ తప్పులు ఈ మూడూ కలిసిపోవడం వల్లే వస్తాయి.

తెరిచిన తేదీకి రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైటులో శాఖల జాబితా చూడండి. ఆ తేదీని కాగితంతో సరిచూడాలి. బ్రాంచిలో పాత లెడ్జర్లు దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. బ్యాంకు రికార్డుల 1985 నిబంధనల ప్రకారం రకాన్ని బట్టి 5 లేదా 8 ఏళ్లు దాస్తే చాలు. అసలు ఆధారాలు ఊళ్లో ఇనప్పెట్టెల్లో ఉంటాయి: పాత పాస్‌బుక్కులు, డిపాజిట్ రసీదులు, పంట అప్పు ఎక్కించిన పట్టాదారు పాస్‌పుస్తకాలు. వాటి మీద బ్రాంచి స్టాంపు, తేదీ మాత్రం ఫోటో తీయండి. ఖాతా నంబరు, నిల్వ కనపడకుండా కాగితం అడ్డుపెట్టండి. అది వాళ్ల సొంత విషయం.

కాగితంలో జిల్లా పేరు తేడాగా ఉంటే తప్పని కొట్టేయకండి. ఉదాహరణకి, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకుముందు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లావి, విజయనగరం పట్టణం విశాఖపట్నం జిల్లాది. మండలాలు 1985లో వచ్చాయి, కాబట్టి అంతకుముందు కాగితాల్లో తాలూకా పేరే ఉంటుంది.

భవనం సంగతి ఇంటి యజమానిని అడగండి. ఏడాదికి మించిన అద్దె ఒప్పందం రిజిస్టరు చేయించాలి గనక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే అది కనపడే అవకాశం ఉంది. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుదానికి ఆఫీసుకే వెళ్లాలి.

ఇంకా మిగిలినవి సమాచార హక్కు కింద అడగొచ్చు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. "బ్రాంచి చరిత్ర ఇవ్వండి" అంటే ఏమీ రాదు. ప్రారంభ తేదీ, చిరునామా మారిన తేదీలు, మేనేజర్లుగా పనిచేసిన కాలాలు అని విడగొట్టి రాయండి. ఖాతాదారుల వివరాలు అడిగితే నిరాకరిస్తారు, అది సబబే.

రిటైరైన అటెండర్లని, పాత ఖాతాదారులని సంవత్సరం అడిగితే తడబడతారు. "తిత్లీ తుపానుకి ముందా, తరవాతా?" "మండలాలు వచ్చేనాటికి ఇక్కడే ఉందా?" అనడిగితే చటుక్కున చెబుతారు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు, తిత్లీ 2018 అక్టోబరు. ఇద్దరు ఒకే మాట చెప్పేదాకా దాన్ని ఖాయం చేయకండి. రెండు కాగితాల్లో రెండు తేదీలుంటే, ఏది ఎక్కడ చూశారో రాసి రెండూ ఉంచేయండి.